డాగ్గీస్ వెంట సెప్టెంబర్ నెలంతా

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో మనవాళ్లు బాగా ఎక్కువ. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, వెరిబీ వైపు ఏ పార్కులో కాసేపు కూర్చున్నా తెలుగు వినపడుతుంది. మా తమ్ముడి ఇల్లు టార్నీట్‌లో. 2016 సెప్టెంబర్ మొదట్లో నేను వెళ్లేసరికి ఇంట్లో వాతావరణమే వేరుగా ఉంది. పదేళ్ల చిన్నోడు, అంటే మా తమ్ముడి కొడుకు, ఎరుపు తెలుపు నీలం గళ్ల స్కార్ఫ్ మెడకు చుట్టుకుని ఎయిర్‌పోర్టుకే వచ్చాడు. "పెదనాన్నా, గురువారం మన మ్యాచ్" అన్నాడు. మన మ్యాచ్ అంటే వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్. అక్కడివాళ్లు ముద్దుగా డాగ్గీస్ అంటారు. గ్రేట్ ఓషన్ రోడ్డూ పెంగ్విన్లూ కూడా చూశాను గానీ వాటి గురించి చాలామంది రాశారు. నేను ఈ జట్టు గురించే రాస్తాను.

సెప్టెంబర్ 8, గురువారం – టార్నీట్

మ్యాచ్ పెర్త్‌లో, సుబియాకో ఓవల్‌లో. మేం టీవీ ముందు. మా మరదలు పెసరట్లు వేస్తూనే ఉంది, ఎవరూ తినే స్థితిలో లేరు.

ఆట సంగతి తమ్ముడు ముందే చెప్పాడు. జట్టుకి 18 మంది. క్రికెట్ మైదానమంత, కొన్నిచోట్ల ఇంకా పెద్ద, అండాకారపు గ్రౌండ్. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెండింటి లోంచి కాలితో తంతే గోల్, 6 పాయింట్లు. పక్క సందులోంచి పోతే 1. అందుకే స్కోరు 14.15 (99) అని రాస్తారు: 14 గోల్స్, 15 ఒంటి పాయింట్లు, మొత్తం 99.

అసలు కథ ఆటకంటే ముందుది. ఏప్రిల్‌లో, సీజన్ మూడో రౌండులోనే, కెప్టెన్ బాబ్ మర్ఫీ మోకాలి లిగమెంటు తెగింది. అప్పటికే 33 ఏళ్లవాడు, ఆ జట్టుకి ప్రాణం లాంటివాడు. ఆ మ్యాచ్ హాథార్న్ మీద మూడే పాయింట్ల తేడాతో పోయింది. జూలైలో ఒకే రాత్రి, సెయింట్ కిల్డాతో ఆడుతూ, మిచ్ వాలిస్ కాలు విరిగింది, జాక్ రెడ్‌పాత్ మోకాలు పోయింది. ఇంకా చీలమండలు, తొడ కండరాలు, ఒకటా రెండా. అయినా 22 మ్యాచ్‌ల్లో 15 గెలిచి ఏడో స్థానంలో ఫైనల్స్‌కి వచ్చారు. అప్పట్లో ఫైనల్స్‌కి మొదటి ఎనిమిది జట్లు వెళ్లేవి. ఏడో స్థానం నుంచి కప్పు కొట్టినవాళ్లు అప్పటిదాకా చరిత్రలోనే లేరు. పైగా ఎదుట వెస్ట్ కోస్ట్ ఈగిల్స్, నిరుడు గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే చివరి మ్యాచ్) ఆడినవాళ్లు, వాళ్ల సొంత గడ్డ.

ఆ ఏడాదే కొత్తగా ఫైనల్స్‌కి ముందు ఒక వారం విరామం పెట్టారు. దెబ్బలు తగిలినవాళ్లకి అది వరమైంది. ఈస్టన్ వుడ్, టామ్ లిబరటోరే, జాక్ మక్రే తిరిగొచ్చారు. 99–52. నలభై ఏడు పాయింట్ల తేడా! చిన్నోడు సోఫా మీద నుంచి దిగలేదు, గెంతుతూనే ఉన్నాడు. చల్లారిన పెసరట్లు రాత్రి పదకొండు దాటాక అందరం కూర్చుని తిన్నాం.

"నీ పాదం మంచిది అన్నయ్యా, వచ్చే వారం నువ్వు గ్రౌండుకి రావాల్సిందే" అన్నాడు తమ్ముడు.

సెప్టెంబర్ 11, ఆదివారం – ఫుట్‌స్క్రే

టార్నీట్ నుంచి రైలెక్కితే మెల్‌బోర్న్ చేరకముందే ఫుట్‌స్క్రే. అప్పట్లో శని, ఆదివారాల్లో రోజంతా ఎంత తిరిగినా మైకీ అనే ప్రయాణ కార్డు మీద 6 డాలర్లకి మించి పట్టేది కాదు. డాలరు అప్పుడు దాదాపు 51 రూపాయలు.

స్టేషన్ బయటికి రాగానే వేడి నూనె, పంచదార వాసన. ఒక బండి దగ్గర జామ్ పెట్టిన డోనట్లు కాగితం సంచీలో వేసి ఇస్తున్నారు. కొరికితే లోపలి జామ్ నాలుక కాలుస్తుంది. ఆ రోడ్డు మీద వియత్నాం వాళ్ల ఫో దుకాణాలు, ఇథియోపియా వాళ్ల ఇంజెరా హోటళ్లు, మార్కెట్‌లో పనసకాయలు, కట్టలు కట్టిన తోటకూర. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా ఫ్యాక్టరీలు, కబేళాలు, రాతి క్వారీలు. రెక్కాడితే గాని డొక్కాడని జనం. మొదట గ్రీకులు, ఇటాలియన్లు, తర్వాత వియత్నామీలు, ఆఫ్రికన్లు, ఇప్పుడు మనం. ఇక్కడికి చేరినవాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఈ క్లబ్బే.

బార్క్‌లీ స్ట్రీట్ పట్టుకుని నడిస్తే డాగ్గీస్ క్లబ్బు మైదానం విట్టెన్ ఓవల్ వస్తుంది. బయట టెడ్ విట్టెన్ విగ్రహం. అప్పటిదాకా క్లబ్బు గెలిచిన ఒకే ఒక్క కప్పులో, 1954లో, ఆయన కుర్రాడిగా ఆడాడు. విగ్రహం కాళ్ల దగ్గర ఎవరో స్కార్ఫ్ కట్టి వెళ్లారు. గేట్లు తీసే ఉన్నాయి. కుక్కల్ని నడిపించుకునేవాళ్లు, పిల్లల్ని తోపుడు బండిలో తిప్పేవాళ్లు గ్రౌండు చుట్టూ తిరుగుతున్నారు. ఒక జాతీయ స్థాయి జట్టు మైదానంలోకి ఇలా ఎవరైనా నడిచి రావచ్చని నేను ఊహించలేదు.

ఈ క్లబ్బు 1989లో పోవాల్సింది. అప్పులు పెరిగి, అదే నగరంలోని ఫిట్జ్‌రాయ్ క్లబ్బుతో కలిపేస్తామని ప్రకటించారు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే మామూలు అభిమాని పేరు మీద కోర్టుకెళ్లి గడువు తెచ్చుకున్నారు. మూడు వారాల్లో పదిహేను లక్షల డాలర్లు పోగు చెయ్యాలి. లాయరు పీటర్ గోర్డన్ ముందు నిలబడ్డాడు, జనం డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. క్లబ్బు నిలిచింది. ఆ గోర్డనే 2016లో కూడా క్లబ్బు ప్రెసిడెంటు. ఈ సంగతులన్నీ తమ్ముడు చెప్తుంటే అతని మొహం చూశాను. వాడు ఈ దేశం వచ్చింది 2009లో. కానీ ఆ డబ్బాల్లో తనూ నాణెం వేసినవాడిలా చెప్తున్నాడు.

ఇంకాస్త ముందుకెళితే వెస్ట్ ఫుట్‌స్క్రే. అక్కడ బార్క్‌లీ స్ట్రీట్ మీద వరసగా మన దేశం హోటళ్లే. మసాలా దోసె 11 డాలర్లు. సాంబారు కాస్త తీపి, కొబ్బరి చట్నీ మాత్రం అద్భుతం. గల్లా పెట్టె పైన వెంకటేశ్వరస్వామి పటం, దాని పక్కనే డాగ్గీస్ జెండా.

సెప్టెంబర్ 16, శుక్రవారం – ఎంసీజీ

ఈసారి హాథార్న్. 2013, 2014, 2015, వరసగా మూడేళ్లు కప్పు వాళ్లదే. ఎంసీజీ, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, 87 వేల పైచిలుకు జనం. మన దగ్గర చిన్న సభకైనా కట్టెలు కట్టి జనాన్ని విడగొడతారు. ఇక్కడ రెండు జట్లవాళ్లూ కలిసే కూర్చుంటారు. కంచె లేదు, మధ్యలో పోలీసులు లేరు. మా వరసలో ఒక పక్క మేం, మరో పక్క గోధుమ, పసుపు చారల చొక్కాల్లో ఒక తండ్రీ కూతురూ, హాథార్న్ వాళ్లు.

తమ్ముడు మీట్ పై తెచ్చుకున్నాడు. దాని పైపొర మీద సాస్ ప్యాకెట్ నొక్కి, ప్లేటు లేకుండా అరచేతిలోనే పట్టుకుని, ఒక మూల కొరికి ముందు ఆవిరి పోనిచ్చి తినాలి. నేను మాంసం తినను కాబట్టి చిప్స్ బకెట్ తీసుకున్నాను. రెంటికీ కలిపి 13 డాలర్లు.

రెండో క్వార్టర్‌లో హాథార్న్ ముందుకెళ్లిపోయింది. చిన్నోడు స్కార్ఫ్ అంచు నోట్లో పెట్టుకుని నమలడం మొదలెట్టాడు. మూడో క్వార్టర్‌లో ఆట తిరిగింది. ఆ అర్ధగంటలో నేను కేలబ్ డేనియల్‌ని తప్ప ఎవర్నీ చూడలేదంటే అబద్ధం కాదు. ఎత్తు 168 సెంటీమీటర్లు, అప్పుడు మొత్తం పోటీలో అందరికంటే పొట్టి, తలకి హెల్మెట్. ఆరున్నర అడుగుల మనుషుల కాళ్ల సందుల్లోంచి బంతి తీసుకుని, ఎక్కడ మనవాడు ఖాళీగా ఉన్నాడో అక్కడికే పంపిస్తాడు. తల ఎత్తి చూసినట్టు కూడా ఉండదు. చిన్నోడికి అతనంటే ప్రాణం. వాడూ క్లాసులో అందరికంటే పొట్టి.

107–84. హాథార్న్ మూడేళ్ల పాలన అక్కడితో ముగిసింది. సైరన్ మోగాక గెలిచిన జట్టు పాట మాత్రమే వేస్తారు, గెలిచినవాళ్లు నిలబడి పాడతారు. పక్కనున్న హాథార్న్ తండ్రి ఆ పాట అయ్యేదాకా ఆగి, చిన్నోడి వైపు చెయ్యి చాపి, "ఇక కప్పు తెచ్చెయ్యండి" అని వెళ్లాడు. ఓడిన మనిషి అంత నిండుగా మాట్లాడటం చూసి నాకు నోట మాట రాలేదు.

సెప్టెంబర్ 23, 24 – హ్యూమ్ హైవే, సిడ్నీ

ప్రిలిమినరీ ఫైనల్, అంటే గ్రాండ్ ఫైనల్‌కి ముందు మెట్టు, సిడ్నీలో, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జెయింట్స్‌తో. ఈ మెట్టు దగ్గరే డాగ్గీస్ 1985 నుంచి 2010 లోపు ఏడు సార్లు ఆగిపోయారు. స్కూళ్లకి సెలవులు. తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టి, "కారులో పోదాం అన్నయ్యా" అన్నాడు. ఎనిమిది వందల డెబ్భై కిలోమీటర్లు. పెట్రోలు రానూపోనూ రెండొందల డాలర్ల దాకా అయింది. మరదలు తెల్లవారుజామునే లేచి పులిహోర, దద్దోజనం చేసి, డబ్బాల్లో పెట్టి ఇచ్చింది.

ఆ హైవే మీద నేను చూసింది మర్చిపోను. ముందు కారు కిటికీకి ఎరుపు నీలం స్కార్ఫ్, వెనక కారుకీ అదే. దాటుకుంటూ పోయే ప్రతి కారూ రెండుసార్లు హారన్ కొడుతోంది. మన దగ్గర జాతర దారిలో ముక్కూమొహం తెలియనివాళ్లు పలకరించుకున్నట్టు ఉంది.

గుండగాయ్ దగ్గర ఆగాం. అక్కడ రోడ్డు పక్కన టిఫిన్ పెట్టె మీద కూర్చున్న కుక్క విగ్రహం ఉంది. పాతకాలంలో ఎడ్లబండ్లు తోలేవాళ్ల కుక్క, యజమాని తిరిగొచ్చేదాకా అతని అన్నం పెట్టెకి కాపలా కాసిందని కథ. 1932లో అప్పటి ప్రధాని జోసెఫ్ లయన్స్ ఆవిష్కరించాడట. ఆ రోజు ఆ విగ్రహం మెడకి డాగ్గీస్ స్కార్ఫే. ఫొటోలకి క్యూ.

పక్క బల్ల దగ్గర డెబ్భై దాటిన ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు. సన్‌షైన్ నుంచి వస్తున్నారు. అది మా తమ్ముడి ఇంటికి ఇరవై నిమిషాల దూరం. పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు, "అమ్మా" అనే అన్నాను, ఆవిడకి ఆ పిలుపు నచ్చింది. పులిహోర పెట్టాం. ఎండుమిర్చి పక్కకి తీసి, పోపులో వేరుశనగ పప్పులు ఏరుకుని ముందు అవి తిని, తర్వాత అన్నం మొత్తం తినేసింది. మాకు ఫ్రూట్ కేకు కోసి ఇచ్చింది. 1954లో నాన్న భుజాల మీద కూర్చుని ఊరేగింపు చూసిందట. 1989లో డబ్బా పట్టుకుని తిరిగిన వీధులు వరసగా చెప్పింది. ఒకతను, పక్కా వేరే జట్టు మనిషి, "మీరు పోతే నేను ఎవర్ని తిట్టుకోవాలి" అంటూ పది డాలర్ల నోటు వేశాడట. అది చెప్పేటప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకుంది.

సిడ్నీ చేరాక తమ్ముడు ఒక మలుపు ముందే తిరిగాడు, ఆబర్న్‌లో తేలాం. మంచిదే అయింది. అక్కడంతా టర్కీ వాళ్ల దుకాణాలు. పాలకూర, జున్ను పెట్టి పెనం మీద కాల్చిన పల్చటి రొట్టె, పైన నిమ్మకాయ పిండుకుని తిన్నాం. ఒక్కోటి 8 డాలర్లు. ఆ రాత్రి పరమట్టాలో మోటెల్, ముగ్గురికీ 140 డాలర్లు.

మర్నాడు సాయంత్రం స్టేడియం జెయింట్స్‌ది, నారింజ రంగు వాళ్లది. గొంతు మాత్రం మనవాళ్లది. ఎంతమంది వచ్చారో! జెయింట్స్ 2012లో పోటీలోకొచ్చిన కొత్త క్లబ్బు. డాగ్గీస్ కెప్టెన్ ర్యాన్ గ్రిఫెన్ 2014 చివర్లో ఈ జట్టుకే వెళ్లిపోయాడు. బదులుగా అక్కణ్నుంచి టామ్ బాయ్డ్ అనే కుర్రాడు వచ్చాడు. కోచ్ కూడా అప్పుడే పోయాడు. క్లబ్బు పని అయిపోయిందనుకున్న ఆ రోజుల్లోనే ల్యూక్ బెవరిజ్ కోచ్‌గా చేరాడు.

క్లే స్మిత్ ఆ రోజు ఆడిన ఆట గురించి చెప్పాలి. మోకాలికి మూడుసార్లు ఆపరేషన్ అయిన మనిషి. ఆ వారమే ప్రాణస్నేహితుడు చనిపోయాడు. నాలుగు గోల్స్ కొట్టాడు. జోర్డన్ రఫ్‌హెడ్ కంటికి బంతి తగిలి బయటికెళ్లాడు. చివరి క్వార్టర్‌లో జెయింట్స్ ముందుకెళ్లారు. టెన్షన్‌కి నా చేతులు చల్లబడ్డాయి. మక్రే గోల్‌తో మళ్లీ ముందుకొచ్చాం. 13.11 (89), 12.11 (83). ఆరంటే ఆరే పాయింట్లు. 1961 తర్వాత మొదటి గ్రాండ్ ఫైనల్. చుట్టూ పెద్ద పెద్ద మగవాళ్లు పిల్లల్లా ఏడుస్తున్నారు. తమ్ముడు నన్ను పట్టుకుని ఏడ్చాడు. మా నాన్న పోయినప్పుడు తప్ప వాణ్ని అలా చూడలేదు.

25వ తేదీ తిరుగు దారిలో రేడియోలో ఇంకో కబురు. రెండో జట్టు, ఫుట్‌స్క్రే పేరుతో ఆడేది, మెల్‌బోర్న్‌లో వాళ్ల కప్పు గెలిచింది. పెర్త్‌లో మెడ కింది కాలర్ ఎముక విరిగిన లిన్ జాంగ్ ఆ మ్యాచ్‌లో దిగాడు. తండ్రిది తూర్పు తైమూర్, తల్లిది తైవాన్. పెద్ద జట్టులో పదిమంది పడిపోయినా పదిమంది ఎక్కణ్నుంచి వచ్చారో నాకు అప్పుడు అర్థమైంది. కింద ఆడేవాళ్లని కూడా అదే పద్ధతిలో, అదే శ్రద్ధతో తయారు చేసుకున్నారు. ఈ సీజన్ గెలుపుకి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

సెప్టెంబర్ 29, 30 – మళ్లీ ఫుట్‌స్క్రే, మెల్‌బోర్న్

గురువారం విట్టెన్ ఓవల్‌లో ప్రాక్టీసు చూడటానికే వేలమంది వచ్చారు. బురఖాల్లో తల్లులు, తలపాగాల సర్దార్జీలు, ఆసరా కర్రలతో ముసలివాళ్లు. కసాయి దుకాణం, మందుల షాపు, బ్యాంకు అన్నిటికీ మూడు రంగుల బెలూన్లు.

గ్రాండ్ ఫైనల్‌కి ముందు శుక్రవారం 2015 నుంచి ఆ రాష్ట్రానికి సెలవు. ఆటగాళ్లు ఓపెన్ ట్రక్కుల వెనక కూర్చుని నగరంలో ఊరేగారు. చలి గాలి ఎముకలు కొరికింది. గ్రాండ్ ఫైనల్‌లో మనకి ఎదురు జట్టు సిడ్నీ స్వాన్స్ వాళ్లు వెళ్తున్నప్పుడు కూడా జనం చప్పట్లు కొట్టారు.

అక్టోబర్ 1, శనివారం – విట్టెన్ ఓవల్

టికెట్లు దొరకలేదు. ఎంసీజీలో ఆ రోజు 99,981 మంది. మేం విట్టెన్ ఓవల్‌లో పెద్ద తెర ముందు, గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాం.

హాఫ్ టైమ్‌కి సిడ్నీ రెండు పాయింట్లు ముందు. మూడో క్వార్టర్ అయ్యేసరికి మనం ఎనిమిది ముందు. చివర్లో ఆ తేడా ఒక్క పాయింటుకి పడిపోయింది. మనవాడు జొహానిసన్ కొట్టిన గోల్‌ని వీడియో చూసి కొట్టేశారు. అప్పుడు చుట్టూ ఒక్కరూ కూర్చుని లేరు. తర్వాత డేల్ మోరిస్, మన జట్టు సీనియర్లలో ఒకడు, సిడ్నీ ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్‌ని వెనక నుంచి పట్టి పడేశాడు. జారిన బంతి టామ్ బాయ్డ్ చేతికొచ్చింది. ఇంత డబ్బు పోసి తెచ్చారు, ఏం చేశాడని రెండేళ్లుగా మాటలు పడ్డ కుర్రాడు. అంత దూరం నుంచే తన్నేశాడు. గోల్ ముందు ఎవరూ లేరు. బంతి నేల మీద పడి, ఎటు తిరుగుతుందో తెలియకుండా ఎగిరి, నేరుగా స్తంభాల మధ్య నుంచి వెళ్లింది. ఆ క్షణం తర్వాత నాకు ఏమీ వినపడలేదు. లియమ్ పికెన్ గోల్ పడేసరికి చిన్నోడు మా ఇద్దరి మీదా ఉన్నాడు.

89–67. స్కోరు మళ్లీ అదే 13.11. అరవై రెండేళ్లకి కప్పు.

మెడల్స్ ఇచ్చేటప్పుడు బెవరిజ్ తనకిచ్చిన మెడల్ చేతిలో పట్టుకుని బాబ్ మర్ఫీని స్టేజీ మీదకి పిలిచాడు. ఆటగాడిగా మర్ఫీకి మెడల్ రాదు. ఆ రోజు ఆడలేదు కదా. బెవరిజ్ తన మెడల్ తీసి అతని మెడలో వేశాడు. తర్వాత మర్ఫీ, ఈస్టన్ వుడ్‌తో కలిసి కప్పు ఎత్తాడు. ఏప్రిల్‌లో పడిపోయిన మనిషిని అక్టోబర్ దాకా ఎవరూ మర్చిపోలేదు. నేను ఆటల్లో ఇంతకంటే గొప్ప దృశ్యం చూడలేదు.

అక్టోబర్ 2, ఆదివారం – విట్టెన్ ఓవల్

రాత్రే గడియారాలు ఒక గంట ముందుకు జరిగాయి. నిద్ర చాలకపోయినా పొద్దున్నే గేటు దగ్గరున్నాం. కప్పు పట్టుకుని జట్టు స్టేజీ ఎక్కింది. చిన్నోడికి కేలబ్ డేనియల్ హెల్మెట్ మాత్రం కనపడింది, నా భుజాల మీద నుంచి.

గుండగాయ్ పెద్దావిడ ఫోన్ చేసి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. నేను అడక్కముందే పులిహోర ఎలా చేస్తారో చెప్పమంది. చింతపండు ఎక్కడ దొరుకుతుందో తమ్ముడు చెప్పాడు. తర్వాత ఆవిడ చిన్నోడి చెయ్యి పట్టుకుని మెంబర్‌షిప్ బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. డాక్‌లాండ్స్ స్టేడియంలో తను కూర్చునే వరస నంబరు, పక్క సీట్లలో ఎవరు మానేస్తున్నారో అన్నీ ఆవిడకి తెలుసు. తమ్ముడు 2017 సీజన్‌కి కుటుంబం మొత్తానికి ఫారం నింపాడు. "మార్చిలో చలి మొదలవ్వదు గానీ జులైలో దుప్పటి తెచ్చుకోండి" అంది ఆవిడ.